భర్త దగ్గరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ మూత్రంలో మంట.. ఎందుకిలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. పెళ్లయి ఐదు నెలలైంది. మావారి ఉద్యోగం విజయవాడలో. శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్లి, ఆదివారం రాత్రి తిరిగి బయల్దేరుతుంటాను. అలా వెళ్లొచ్చాక మూత్రంలో మంట రావడం ఇది మూడోసారి. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, వెళితే నాలుగు చుక్కలే. ఇంతకుముందు మందుల షాపులో ఇచ్చిన మాత్రలు రెండు రోజులు వేసుకుంటే తగ్గింది. వేడి చేసిందని, మజ్జిగ, సబ్జా నీళ్లు తాగమని అత్తయ్య అంటున్నారు. మావారి నుంచి ఏదైనా జబ్బు అంటుకుందేమోనని నా భయం. ఆయనను అడగలేకపోతున్నాను. ఈ శుక్రవారం వెళ్లవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ భయం సంగతి చూద్దామమ్మా. మీరు రాసినవి మూత్రాశయ ఇన్ఫెక్షన్ లక్షణాలు. ఎక్కువ మందిలో దీనికి కారణం ఈ-కోలై అనే బ్యాక్టీరియా. అది మీ పేగుల్లోనే ఉంటుంది, మీవారు తెచ్చిపెట్టింది కాదు. స్త్రీలలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, పైగా మలద్వారానికి దగ్గర. కలయిక సమయంలో ఆ చుట్టుపక్కల ఉన్న బ్యాక్టీరియా తేలిగ్గా లోపలికి చేరుతుంది. కొత్తగా పెళ్లయినవారు ఇదే సమస్యతో మా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఆయనకు మందులు అక్కర్లేదు, మీరు అనుమానపడాల్సిన పనీ లేదు. దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా, జననాంగాల దగ్గర పుండ్లున్నా, ఆయనకు కూడా మంట ఉన్నా మాత్రం అది వేరే విషయం. అప్పుడు ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి.

మీరు రాయలేదు కానీ, శుక్రవారం మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు మానేస్తారని నేను ఊహించగలను. విజయవాడ 275 కిలోమీటర్ల దూరం. మియాపూర్‌లో ఎక్కితే బస్సు ఎల్బీనగర్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. ఆ తర్వాత సూర్యాపేట దగ్గరో, మరోచోటో ఒక్కసారి ఆపుతారు. అక్కడి మరుగుదొడ్డి చూసి చాలామంది ఆడవాళ్లు వెనక్కి తిరిగి వచ్చేస్తారు. ఆ వెనక్కి రావడమే అసలు తంటా. మరుగుదొడ్డి మురికిగా ఉన్నంత మాత్రాన ఈ ఇన్ఫెక్షన్ రాదు. నీళ్లు తాగక, గంటల తరబడి ఆపుకుంటే మాత్రం లోపలికి చేరిన బ్యాక్టీరియా బయటికి కొట్టుకుపోయే దారి ఉండదు. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే మహిళలపై చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. వాళ్లు రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగితే ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. కాబట్టి బస్సు ఆపిన చోట మొహమాటపడకుండా దిగండి. ఆఫీసులో మీటింగ్ మధ్యలోనైనా అంతే, లేచి వెళ్లండి.

ఇక ఆ మాత్రలు. ఇక్కడ మాత్రం నాకు కోపం వస్తుంది. ఒకప్పుడు ఈ మంటకు అందరూ వాడిన నార్‌ఫ్లాక్ససిన్ లాంటి మందులకు మన దగ్గరి ఈ-కోలై ఇప్పుడు చాలావరకు లొంగడం లేదు. ఏం వేస్తే పనిచేస్తుందో తెలియాలంటే మూత్రం కల్చర్ పరీక్ష చేయించాలి. అదీ యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే. మీకు మంట ఇప్పుడే మొదలైంది కాబట్టి రేపు ఉదయమే ల్యాబ్‌కు వెళ్లండి. చేతులు కడుక్కుని, ఆ భాగాన్ని మామూలు నీళ్లతో శుభ్రం చేసుకోండి. మొదట వచ్చే మూత్రాన్ని వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని మాత్రమే డబ్బాలో పట్టండి. డబ్బా లోపలి అంచుకు వేలు తగలకూడదు. చాలామంది మొదటి ధారే పట్టి ఇస్తారు. దాంతో రిపోర్టులో ‘మిక్స్‌డ్ గ్రోత్’ అని, అంటే రకరకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయని వస్తుంది, డబ్బులు దండగ. ఇంటి నుంచి పట్టుకెళితే రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు మంట భరించమని కాదు, శాంపిల్ ఇచ్చాక మీ డాక్టర్ మందు మొదలుపెడతారు, రిపోర్టును బట్టి అవసరమైతే మారుస్తారు. రాసినన్ని రోజులూ వాడండి, తగ్గింది కదా అని రెండో రోజు ఆపేయకండి.

మంట తగ్గడానికి షాపుల్లో ఇచ్చే సిరప్ బ్యాక్టీరియాను చంపదు. పైగా నైట్రోఫ్యూరాంటోయిన్ అనే మందు వాడేవారికి ఆ సిరప్ అడ్డం వస్తుంది, మూత్రంలో ఆమ్లత తగ్గితే ఆ మందు సరిగా పనిచేయదు. రెండూ కలిపి వాడేముందు డాక్టర్‌ను అడగండి. అత్తయ్య గారి మజ్జిగ తాగండి, తప్పు లేదు. కడుపులోకి నీరు చేరుతుంది, ఆవిడా సంతోషిస్తారు. దానితో ఇన్ఫెక్షన్ మాత్రం పోదు.

కలయిక తర్వాత కాసేపటికే మూత్రానికి వెళ్లడం అలవాటు చేసుకోండి. శుభ్రం చేసుకునేటప్పుడు నీళ్లు ముందు నుంచి వెనక్కి వెళ్లాలి. జెట్ స్ప్రే వాడేవారు చాలామంది వెనక నుంచి కొడతారు, దాంతో బ్యాక్టీరియా నేరుగా ముందుకు వస్తుంది. లోపలి భాగంలో సబ్బు, డెట్టాల్, సువాసనల వాష్‌లు ఏవీ వద్దు. వీర్యకణాలను చంపే క్రీములు, అవి పూసిన కండోమ్‌లు వాడుతుంటే మానేయండి. వాటివల్ల కూడా ఈ ఇన్ఫెక్షన్ పెరుగుతుంది.

ఆరు నెలల్లో రెండుసార్లు వస్తేనే మేం దీన్ని మళ్లీమళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తాం. మీకు మూడోసారి కాబట్టి గైనకాలజిస్టును లేదా జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. షుగర్ పరీక్ష చేయించండి. నెలసరి ఆలస్యమైతే గర్భనిర్ధారణ పరీక్ష కూడా చేసుకుని, ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. గర్భిణులకు కొన్ని యాంటీబయాటిక్స్ పనికిరావు. ఈ జాగ్రత్తలన్నీ పాటించినా మళ్లీ వస్తుంటే, కలయిక తర్వాత వేసుకునే తక్కువ మోతాదు మాత్ర రాస్తాం. అది మీ అంతట మీరు కొనుక్కునేది కాదు.

శుక్రవారం ప్రయాణం మానుకోండి. కోర్సు పూర్తయ్యి మంట పోయేవరకు కలయిక కూడా వద్దు. చూడాలనిపిస్తే ఈసారి ఆయననే హైదరాబాద్ రమ్మనండి, ఈ ఉత్తరం చూపించండి. మీరు అడగలేకపోతున్నది ఆయనే చదువుకుంటారు. ఈలోగా చలితో జ్వరం వచ్చినా, నడుముకు పైభాగంలో ఒక పక్క నొప్పి వచ్చినా, వాంతులవుతున్నా ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందేమోనని అనుమానించాలి. అప్పుడు కల్చర్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లండి.