ముందు ట్యాంకు నీడ చూడమ్మా

చి. సుజాతకు మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

డాబా మీద సోలార్ పెట్టిస్తున్నావనీ, ఎల్లుండి అడ్వాన్సు ఇచ్చేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంటి సంగతులు నువ్వే చూసుకుంటున్నందుకు ఎంత సంతోషమో, ఆ ఎల్లుండి అన్న మాటకి అంత దడ. ఒక్క వారం ఆగు.

ఏడాది బిల్లులు ముందేసుకుని యూనిట్లు కూడి, పన్నెండుతో భాగించు. మన ఎండకి 1 కిలోవాట్ సగటున రోజుకి 4 యూనిట్లు, అంటే నెలకి 120 ఇస్తుంది. వానాకాలం తగ్గుతుంది. నెలకి 100 యూనిట్ల లోపే కాలుతుంటే ఈ ఖర్చు వద్దు. 240 దగ్గరుంటే 2 కిలోవాట్లు చాలు. ఏసీ కొనే ఆలోచన ఉంటేనే 3. కేంద్రం వారి పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు. అది బిగించాక బ్యాంకులో పడుతుంది, ముందు సొమ్ము నువ్వే పెట్టుకోవాలి. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే అయ్యుండాలి, కొటేషన్లో ఆ మాట రాయించుకో. మీటరు ఇంకా మీ తాతయ్య పేరు మీదే ఉందనుకుంటాను. దరఖాస్తుకి ముందే పేరు మార్పించు.

ఇక అసలు సంగతి. మీ పెద్దమ్మ వాళ్లింట్లో డాబా కొలిచింది మే నెల మిట్టమధ్యాహ్నం. ఆ రోజుల్లో సూర్యుడు మన నెత్తిమీదికొచ్చి, కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. ట్యాంకు నీడ దాని కాళ్ల దగ్గరే ముడుచుకుని ఉంది. ట్యాంకుకి ఉత్తరాన బోలెడు ఖాళీ కనబడింది, ఆరు ప్యానెళ్లూ అక్కడే దించేశారు. పెద్దవాళ్లం అందరం అక్కడే ఉన్నాం, ఒక్కరం డిసెంబరు సంగతి అడగలేదు. కార్తీకం దాటేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోయి, పొద్దుటి నీడ రెండు ప్యానెళ్ల మీదికి పాకింది.

రెండే కదా అనుకోకు. ఆరూ దండలో పువ్వుల్లా ఒకే వరస. నీడ పడ్డ భాగాన్ని ప్యానెల్లోని బైపాస్ డయోడ్లు పక్కకి తప్పిస్తాయి, కానీ ఆ భాగం ఇచ్చే వోల్టేజీ పోయినట్టే. ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె ఇన్వర్టర్. మిగిలిన వోల్టేజీ దాని కనీస అవసరానికి చాలకపోతే, ఎండలో ఉన్న నాలుగూ దండగ. రోజూ ఒకేచోట నీడ పడితే ఆ సెల్ వేడెక్కుతుంది. వాళ్ల ప్యానెల్ వెనక తెల్లటి షీటు మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ తేలింది. చివరికి ట్యాంకుని దించి ఉత్తరానికి మార్చారు. స్టాండు, పైపులు, మేస్త్రీ కూలీ అన్నీ అదనం.

అందుకే కొలిచి చూసుకో. ప్యానెల్ కింది అంచు కంటే ట్యాంకు మూత 6 అడుగులు ఎత్తుంటే, డిసెంబరులో ఉదయం 9కి నీడ వాయవ్యానికి పదిన్నర అడుగులు, మధ్యాహ్నం నేరుగా ఉత్తరానికి 5 అడుగులు, 3 గంటలకి ఈశాన్యానికి మళ్లీ పదిన్నర. ఈ మూడూ సుద్దముక్కతో డాబా మీద గీసి, కొసలు కలుపు. పిట్టగోడకీ, మెట్లగదికీ, పక్కవాళ్ల కొబ్బరిచెట్టుకీ ఇదే లెక్క. గీత లోపల ఒక్క ప్యానెలూ ఉండకూడదు. 3 కిలోవాట్లకి 300 చదరపు అడుగులు చాలు. దక్షిణ ముఖంగా, 15 డిగ్రీల వాలు.

గాలి సంగతి కూడా నాకు భయమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో నీకూ తెలుసు. గాలి ప్యానెల్ కింద దూరి పైకెత్తుతుంది. బట్టలారేసుకోవచ్చని స్టాండు ఎత్తుగా పెట్టించకు. సముద్రపు గాలికి మామూలు ఇనుము తుప్పు పడుతుంది, గాల్వనైజ్డ్ (జింకు పూత) స్టాండు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అడుగు. స్లాబుకి కన్నం వేస్తే వాటర్‌ప్రూఫింగ్ వాళ్లే చెయ్యాలి. ఎర్తింగులు మూడు: ప్యానెళ్లకి, ఇన్వర్టర్ నుంచి ఇంటికి కరెంటు వచ్చే వైపుకి, పిడుగు కడ్డీకి. మూడింటినీ ఒకే గుంతలో కలిపేస్తామంటే ఒప్పుకోకు.

కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది, పాడైందని కంగారుపడకు. మన ప్యానెళ్ల కరెంటు బయటి తీగల్లోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తియ్యకుండా ఆ ఏర్పాటు. దాన్ని తప్పించి ఇంట్లో వెలిగిస్తానని ఎవరన్నా వస్తే గుమ్మంలోంచే పంపెయ్యి. ఫ్యానుకీ లైటుకీ ఇప్పుడున్న బ్యాటరీ చాలు.

ఇంకొక్కటి, ఇది ప్రాణం మీది మాట. ఆరు ప్యానెళ్ల వరసలో 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. మెయిన్ కట్టేసినా, ఎండ ఉన్నంతసేపూ ఆ తీగల్లో కరెంటు ఉంటుంది. ఆ తీగల్ని కలిపే కనెక్టర్లని కరెంటు నడుస్తుండగా లాగితే నిప్పు లేస్తుంది. పిల్లాడిని అటు పోనివ్వకు. ప్యానెళ్లని తెల్లారకముందు మంచినీళ్లతో కడుగు. బోరు నీళ్లు తెల్లటి చారలు వదులుతాయి, మండే అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. తడి డాబా మీద నువ్వొక్కదానివే ఎక్కకు తల్లీ.

గీతలు గీశాక ఫొటో తీసి పంపు. అది చూశాక అడ్వాన్సు ఇద్దువుగాని. సంక్రాంతికి వచ్చినప్పుడు పొద్దున్న 9కి ఇద్దరం పైకెక్కి నీడ చూద్దాం.

ఇట్లు,
మావయ్య