కాన్పు గదిలో ‘ఇంతమంది ఎందుకుండారు?’ అని అడగొచ్చా?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు. మొదటి కాన్పు ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అయి ఇరవై నెలలైంది. నొప్పులు పడుతుంటే మంచం చుట్టూ ఎనిమిది తొమ్మిదిమంది తెల్లకోట్లవాళ్లు నిలబడినారు. తెర లాగలేదు. గంటలోపే నలుగురు ఒకరి తర్వాత ఒకరు లోపల పరీక్ష చేసినారు, అందులో ఇద్దరు మగపిల్లోళ్లు. ఒకతని చేతిలో ఫోన్ ఉంది, ఫొటో తీసినాడో లేదో తెలీదు. ‘ఇంతమంది ఎందుకుండారు?’ అంటే ‘నేర్చుకునే పిల్లోళ్లమ్మా, సర్దుకో’ అన్నారు. కాగితాల మీద సంతకం మా ఆయన పెట్టినాడు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. డబ్బుల్లేక అక్కడికే పోవాల. విద్యార్థులు వద్దంటే కాన్పు చేయమంటారేమోనని భయంగా ఉంది. మా అత్త ‘కాన్పుకాడ సిగ్గేంది’ అంటుంది. మా తమ్ముడు పోలీసుల దగ్గరికి పోదామంటాడు. అప్పటి దానికి ఇప్పుడేమైనా చేయొచ్చా? పేరు వేయొద్దండి.

జవాబు: అమ్మా, మీ పేరే కాదు, ఉత్తరంలో మీరు రాసిన ఆసుపత్రి పేరు కూడా తీసేశాను. అవతలివాళ్ల మాట వినకుండా వాళ్ల పేరు ఇక్కడ వేయడం న్యాయం కాదు.

ముందు మీ భయం సంగతి. విద్యార్థులు వద్దన్నారని కాన్పు చేయకుండా పంపించేసే అధికారం ఏ ఆసుపత్రికీ లేదు. నొప్పులతో వచ్చిన ఆడమనిషిది అత్యవసర స్థితి. 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. రైల్లోంచి పడిన ఒక కూలీని కలకత్తాలో ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి చేర్చుకోకుండా తిప్పి పంపింది. అత్యవసర వైద్యం అందించకపోతే రాజ్యాంగం 21వ అధికరణం కింద ఉన్న జీవించే హక్కును ప్రభుత్వం తీసేసినట్టేనని కోర్టు చెప్పింది. వైద్యం ఉచితం కాబట్టి నోరు మూసుకుని పడుండాలనే నియమం ఏ చట్టంలోనూ లేదు. ఉచితంగా చేస్తున్నందుకు ఆసుపత్రికి మీరు ఒళ్లు బాకీ పడలేదు.

ఇక మీ అత్తగారి మాట. ఆమె కాలంలో కాన్పు ఇంటి వెనక గదిలో అయ్యుంటుంది. మంత్రసాని, వాళ్లమ్మ, ఇంకో పెద్దావిడ ఉండుంటారు. మగపురుగు గడప దాటేది కాదు. అక్కడ సిగ్గుపడాల్సిన పని లేదన్న మాట నిజమే, ఎందుకంటే చుట్టూ ఉన్నది ఆమె మనుషులు. పేరు కూడా తెలియని తొమ్మిదిమంది ముందు తెర లేకుండా పడుకోబెట్టిన చోటికి ఆ సామెత అతకదు.

విద్యార్థుల గురించే విడిగా చేసిన చట్టమంటూ లేదు. కానీ మీ అనుమతి లేకుండా మీ ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయకూడదన్నది మాత్రం గట్టి చట్టమే. దీనికి మేం న్యాయవాదులం ఎప్పుడూ చూపించేది 2008 నాటి సమీరా కోహ్లీ కేసు. 44 ఏళ్ల ఆవిడ కడుపు లోపల లాపరోస్కోపీతో పరీక్ష చేయించుకోవడానికి వెళ్లింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సుప్రీంకోర్టు రెండు ముక్కలు చెప్పింది: ఒకదానికి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి చెల్లదు; తెలివి ఉన్న, మేజరైన మనిషి బదులు తల్లి ఇచ్చిన సమ్మతీ చెల్లదు. తల్లిదే చెల్లకపోతే మొగుడిదెట్లా చెల్లుతుంది?

ఆసుపత్రులు భర్త సంతకంతో సరిపెట్టుకోవడానికి కారణం ఉంది. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళిలో 7.16వ నిబంధన ఆపరేషన్‌కు ముందు రాతపూర్వక సమ్మతి ‘భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు, లేదా రోగి’ నుంచి తీసుకోవాలంటుంది. ఆ వరసలో భర్త ముందున్నాడు కదా, వార్డు బయట దొరికేదీ అతనే. ఒకసారి నా ఆఫీసు బల్ల మీదికి వచ్చిన కేసు షీటు చెప్తాను. లేబర్ రూమ్‌లోకి తీసుకెళ్లిన టైము రాత్రి 10.10. సమ్మతి పత్రం మీద భర్త సంతకం 11.40కి. పత్రమంతా ఇంగ్లీషులో, ఎనిమిదో వాక్యంలో బోధన కోసం విద్యార్థులు హాజరవడానికి ఒప్పుకుంటున్నాను అని ఉంది. సంతకం చేసిన ఆయన ఐదో తరగతి చదివి మానేసి, టమోటా మండీలో హమాలీగా చేస్తున్నాడు. అతన్ని ‘ఏం రాసుందో చదివినావా?’ అనడిగితే, ‘పెట్టకపోతే లోపలికి మందు పంపరేమో అనుకున్నా మేడమ్’ అన్నాడు. భయంతో, అర్థం తెలియక ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదని భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 28వ సెక్షన్ చెప్తోంది.

ఇప్పుడు కొంచెం అవతలి పక్క నుంచి. ఆ తెల్లకోట్లన్నీ ఒకటి కాదు. ఎంబీబీఎస్ విద్యార్థి చూసి నేర్చుకోవడానికి, పెద్దవాళ్లు పక్కనుంటే సాయం చేయడానికి వస్తాడు. హౌస్‌సర్జన్ అంటే పరీక్ష పాసై ఏడాది శిక్షణలో ఉన్నవారు. నర్సింగ్ విద్యార్థినులు కాన్పుల కేస్ బుక్ నింపుకోవాలి. పీజీ డాక్టరు మాత్రం ఎంబీబీఎస్ పూర్తిచేసి రిజిస్టరైన డాక్టరే. రాత్రి రెండు గంటలకు మీ బిడ్డను చేతిలోకి తీసుకునేది చాలాసార్లు ఆ పీజీలే. ‘స్టూడెంట్లు వద్దు’ అని పీజీని కూడా పొమ్మంటే మీకే నష్టం. నా సలహా: పీజీని వద్దనకండి, చూడటానికి మాత్రమే వచ్చేవాళ్ల విషయంలో గట్టిగా ఉండండి.

పిల్లలు నేర్చుకోవాలి, కాదనను. తిరుపతిలో 1960 నుంచీ మెడికల్ కాలేజీ ఉంది, మన జిల్లాల్లో ఊరికో డాక్టరు దొరకడానికి ఇలా నేర్చుకున్న పిల్లలే కారణం. కానీ అడగడం కూడా వాళ్ల చదువులో భాగమే. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళికలో ఏట్‌కామ్ అని ఒక భాగం పెట్టారు. రోగితో ఎలా మాట్లాడాలి, అనుమతి ఎలా అడగాలి అన్నదే అందులో పాఠం. ‘అమ్మా, నేను ఫలానా, నేర్చుకుంటున్నాను, మీకు ఇష్టమైతే ఉంటాను’ అనడానికి అర నిమిషం పట్టదు. అలా అడిగితే మన ఆడవాళ్లు చాలామంది ‘ఉండు నాయనా’ అనే అంటారు.

గంటలో నలుగురు పరీక్ష చేశారన్నదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇది సిగ్గుకు సంబంధించిన విషయం ఒక్కటే కాదు. నొప్పులు సాఫీగా సాగుతున్నప్పుడు లోపల పరీక్ష నాలుగు గంటలకోసారి సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచన. మధ్యలో అవసరం పడితే చేయాల్సిందే, దానికి కారణం ఉండాలి. ఒకరు చూసిందే మళ్లీ ముగ్గురు చూడటం బోధన కోసమే అవుతుంది, చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. ఉండటానికి ఒప్పుకుని, ముట్టుకోవడానికి వద్దనొచ్చు. ఆడపిల్లలను ఉండనిచ్చి మగపిల్లలను వద్దనొచ్చు. ముందు సరేనని, మధ్యలో ఇక చాలనొచ్చు. మగ డాక్టరు పరీక్ష చేస్తుంటే పక్కన ఒక ఆడమనిషి ఉండాలన్నది జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది.

ఒక్క మినహాయింపు. రక్తస్రావం ఆగకపోయినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా అప్పుడు ఎవరి చెయ్యి అందుబాటులో ఉంటే ఆ చెయ్యే పనిచేస్తుంది. సమ్మతి అడిగే వీలు లేని అత్యవసరంలో సదుద్దేశంతో చేసినదాన్ని న్యాయ సంహిత 30వ సెక్షన్ కాపాడుతుంది. అప్పుడు వాదనకు దిగొద్దు.

ఏం చేయాలంటారా? నొప్పులు మొదలయ్యాక లేబర్ రూమ్‌లో గొడవ పడటం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ఏడో నెలే కాబట్టి నెలనెలా చూపించుకోవడానికి వెళ్లినప్పుడే పని ముగించండి. తెల్లకాగితం మీద తెలుగులో ఇలా రాయండి: ‘నా కాన్పు సమయంలో చికిత్స చేసే డాక్టర్లు, నర్సులు మినహా విద్యార్థులు నా అనుమతి అడగకుండా ఉండకూడదు. బోధన కోసం నాకు లోపల పరీక్ష చేయడానికి నేను ఒప్పుకోవడం లేదు. అత్యవసరంలో ఇది వర్తించదు.’ కింద మీరే సంతకం చేయండి, మీ ఆయన కాదు. రెండు కాపీలు తీసి ఒకటి కేసు షీటులో పెట్టమని డ్యూటీ డాక్టరుకిచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. చేరేటప్పుడు అచ్చు పత్రం ఇస్తే అందులో విద్యార్థుల వాక్యం ఎక్కడుందో చదివించుకుని, ఒప్పుకోకపోతే దాన్ని కొట్టేసి పక్కన సంతకం చేయండి. ‘ఫారం పాడుచేసినావు’ అని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మీ అమ్మను లోపలికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు దగ్గర తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆమెకు కాన్పు అనుభవం ఉండాలి, అంటురోగాలు ఉండకూడదు, వైద్యానికి అడ్డు రాకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూమ్‌లను మెరుగుపరచడానికి 2017 డిసెంబరులో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమంలో లేబర్ రూమ్‌లో టేబుల్‌కీ టేబుల్‌కీ మధ్య తెర ఉండటం కూడా ఒక కొలమానం. చాటు కావాలంటే ‘సార్, లక్ష్య ప్రకారం తెర ఉండాల కదా’ అని మీ అమ్మతో అనిపించండి. పథకం పేరు తెలిసినవాళ్లతో కొంచెం జాగ్రత్తగా మాట్లాడతారు, అది మన ఆఫీసుల తీరు.

ఇక అప్పటి కాన్పు సంగతి. మీ తమ్ముడు పెట్టాలనుకుంటున్న లైంగిక దాడి కేసు నిలవదు. వైద్య ప్రక్రియను అత్యాచారం సెక్షన్ నుంచి చట్టమే మినహాయించింది. ఫోన్ సంగతి వేరు. చాటుగా ఉండాల్సిన స్థితిలో ఉన్న ఆడమనిషి ఫొటో తీయడం న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కూడా ఉంది. కానీ ఫోన్ చేతిలో ఉండటం చూశారు, ఫొటో చూడలేదు. ఈ ఒక్క ముక్కతో స్టేషన్‌కెళ్తే మిమ్మల్నే పదిసార్లు అదే ప్రశ్న అడుగుతారు. ఫొటో ఎక్కడైనా కనబడితే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు.

పరిహారం విషయానికి వస్తే ఆసుపత్రి ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్నది తేలాలి, మీరు పేరు రాశారు గానీ అది రాయలేదు. ఎవరి దగ్గరా పైసా తీసుకోని ప్రభుత్వ ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. 1995లో వి.పి.శాంత కేసులో అలాగే తేలింది. ప్రైవేటు కాలేజీ ఆసుపత్రైతే అదే తీర్పు మీకు అనుకూలం: కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తుంటే, ఉచితంగా చేయించుకున్నవాళ్లూ వినియోగదారులే. గడువు రెండేళ్లు, మీకింకా నాలుగు నెలలుంది. మానవ హక్కుల కమిషన్ గడువు ఏడాదే కాబట్టి అది దాటిపోయింది. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కూ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు, అక్కడ ఖర్చేమీ ఉండదు. డబ్బు మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. సమీరా కోహ్లీకి చివరికి సుప్రీంకోర్టు ఇప్పించింది 25 వేలు. రైల్లోంచి పడిన ఆ కూలీకీ 25 వేలే. మన కోర్టులు హక్కును పెద్ద మాటల్లో చెప్పి, చెక్కు మాత్రం చిన్నది రాస్తాయి.

వకీలు ఫీజు గురించి ఆలోచించకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేయొచ్చు, లేదా చిత్తూరు కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు.

కేసు వేసినా వేయకపోయినా ఈ వారమే ఒక పని చేయండి. మొదటి కాన్పు కేసు షీటు నకలు కావాలని ఆసుపత్రికి దరఖాస్తు ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళి. చేరినవాళ్ల రికార్డు మూడేళ్లు దాచాలి కాబట్టి మీది ఇంకా అక్కడే ఉండాలి. ఎవరెవరు ఏ టైముకు లోపల పరీక్ష చేశారో, సంతకం ఎవరిదో, ఏ టైముకు పెట్టారో అందులోనే ఉంటుంది. రెండో కాన్పు చూసే డాక్టరుకూ అది పనికొస్తుంది. దరఖాస్తు నకలు మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోకండి. ముద్ర వేయమంటే రేపు రమ్మంటారు. పాకాల నుంచి మళ్లీ రేపెందుకు, రిజిస్టర్ పోస్టులో రసీదుతో పంపేయండి.