ఏడుగురి రగ్బీలో పన్నెండేళ్లు: పోర్షియా వుడ్‌మన్ గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతూ బడి కబడ్డీ జట్టులో ఆడుతోంది. పారిస్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్ మహిళల రగ్బీ సెవెన్స్ జట్టు స్వర్ణం గెలవడం టీవీలో చూసినప్పటి నుంచి దానికి పోర్షియా వుడ్‌మన్ తప్ప మరో మాట లేదు. ఆమె చిన్నప్పటి నుంచీ రగ్బీయే ఆడారా? పద్నాలుగు నిమిషాల్లో ముగిసిపోయే ఆటలో ఒకరికి ఇంత పేరు ఎలా వచ్చింది? (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: లేదమ్మా, ఆమె ముందు ఆడింది నెట్‌బాల్, అంటే బాస్కెట్‌బాల్‌ను పోలిన ఆట. పోర్షియా 1991లో న్యూజిలాండ్ ఉత్తర ప్రాంతంలోని కైకోహే అనే చిన్న పట్టణంలో, మావోరీ కుటుంబంలో పుట్టారు. తండ్రి కవేనా వుడ్‌మన్, ఆయన సోదరుడు ఫ్రెడ్ వుడ్‌మన్ ఇద్దరూ ఆల్ బ్లాక్స్‌కు, అంటే ఆ దేశ పురుషుల జాతీయ రగ్బీ జట్టుకు ఆడినవారే. అలాంటి ఇంట పుట్టి కూడా ఆమె ఆక్లాండ్‌లోని నార్తర్న్ మిస్టిక్స్ నెట్‌బాల్ జట్టులో చేరారంటే, ఆ రోజుల్లో ఆడపిల్ల ఆటనే బతుకుతెరువుగా చేసుకోవాలనుకుంటే ఆ దేశంలో కనబడే దారి నెట్‌బాలే గానీ రగ్బీ కాదు. మహిళల రగ్బీలో దేశానికి ఆడిన గౌరవం దక్కేది, జీతం మాత్రం దక్కేది కాదు.

ఆ పరిస్థితిని మార్చినది 2009 అక్టోబరులో కోపెన్‌హేగన్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తీసుకున్న నిర్ణయం. 2016 నుంచి రగ్బీ సెవెన్స్‌ను పురుషులకూ మహిళలకూ ఒలింపిక్స్‌లో చేర్చడంతో, పతకం వచ్చే ఆట కాబట్టి దేశాలు మహిళా జట్ల మీద డబ్బు ఖర్చు పెట్టక తప్పలేదు. న్యూజిలాండ్ రగ్బీ సంఘం ‘గో ఫర్ గోల్డ్’ పేరుతో ఊరూరా తిరిగి, ఏ ఆట ఆడే అమ్మాయి అయినా సరే, పరుగు, ఒడుపు, తెగువ ఉంటే చాలునని పరీక్షలు పెట్టింది. 2012లో ఆ వడపోతలో దొరికిన వారిలో పోర్షియా ఒకరు. ఆమె ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ పరుగు అంతకుముందూ ఆమెలో ఉన్నదే, దాన్ని వెతుక్కుంటూ ఒక సంస్థ ఆమె దగ్గరకు వచ్చింది 2012లోనే. ఆమె వృత్తి జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ సంగతే.

ఇక ఆట విషయం. వంద మీటర్ల పొడవు, డెబ్బై మీటర్ల వెడల్పు ఉన్న పూర్తి రగ్బీ మైదానంలోనే, పదిహేను మందికి బదులు ఏడుగురు చొప్పున ఆడతారు. సగానికి ఏడు నిమిషాలు, మధ్యలో కాసేపు విరామం. ఏడుగురు అడ్డంగా వరుస కట్టినా ఒక్కొక్కరి వాటాకు పది మీటర్ల జాగా కాపలాగా పడుతుంది. బంతిని ముందుకు విసరకూడదు, వెనక్కో పక్కకో అందించుకుంటూ ప్రత్యర్థులను ఒకవైపుకు లాగి, రెండో అంచున ఉన్న వింగ్ క్రీడాకారిణికి చేరవేస్తారు. పోర్షియాది ఆ అంచు స్థానం. కబడ్డీలో కూతకు వెళ్లిన వాళ్లను పట్టు పట్టేటప్పుడు పక్కన చేయి కలిపేవాళ్లు ఉంటారు గదా, ఇక్కడ అంచున బంతి అందుకున్న పోర్షియాను ఒంటరిగా ఆపాలి. వేగమూ ఒంటి బలమూ రెండూ ఉన్న మనిషిని అంత జాగాలో ఒక్కరే ఆపడం ఎంత కష్టమో ఆమె లెక్కలే చెబుతాయి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకించడాన్ని ట్రై అంటారు, దానికి 5 పాయింట్లు. మహిళల ప్రపంచ సెవెన్స్ సిరీస్‌లో 200 ట్రైలు దాటిన తొలి క్రీడాకారిణి ఆమే. 2015లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ క్రీడాకారిణి పురస్కారం కూడా ఆమెకే వచ్చింది.

ప్రశ్న: 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో న్యూజిలాండ్ ఓటమికి పోర్షియాయే కారణమని ఎక్కడో చదివాను. నిజమేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఆ మాట అన్యాయమని నా అభిప్రాయం. జరిగింది చెబుతాను, మీరే చూడండి. మొదటి ట్రై న్యూజిలాండ్‌దే, తర్వాత ఆస్ట్రేలియా సమం చేసింది. విరామానికి కాస్త ముందు ఆస్ట్రేలియా అందించుకుంటున్న బంతికి పోర్షియా చేయి అడ్డం పెట్టగా, అది కావాలనే కిందికి కొట్టడమని రిఫరీ పసుపు కార్డు చూపించారు. సెవెన్స్‌లో పసుపు కార్డు అంటే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, అంటే మొత్తం ఆటలో ఏడో వంతు. ఆమె లేని ఆ సమయంలోనే ఆస్ట్రేలియా అంచు వెంబడి మరో ట్రై చేసి ముందుకెళ్లింది, విరామం తర్వాత ఆ ఆధిక్యాన్ని ఇంకా పెంచుకుంది. చివరకు ఆస్ట్రేలియా 24-17తో గెలిచింది. న్యూజిలాండ్ ఆఖరి ట్రై చేసినది పోర్షియాయే అయినా అప్పటికే సమయం మించిపోయింది. ఆ ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువగా పది ట్రైలు చేసిన మనిషి మీద రెండు నిమిషాల లెక్కతో ఓటమి భారం మోపడం సరికాదు. ఆ రోజు ఆస్ట్రేలియా నిజంగానే బాగా ఆడింది.

ప్రశ్న: ఒకే మనిషి ఏడుగురి ఆటా, పదిహేను మంది ఆటా రెండూ ఆడగలరా? గాయాలతో వృత్తి ముగిసిపోదా? (ఒక కళాశాల విద్యార్థిని, విజయవాడ)

జవాబు: ఆడగలరు గానీ చాలామంది వల్ల కాదు. సెవెన్స్ టోర్నమెంటులో రెండు మూడు రోజుల్లోనే ఐదారు మ్యాచులు ఆడాలి, పదిహేను మంది ఆటలో ఎనభై నిమిషాల పాటు బరువైన ఢీకొట్లు తట్టుకోవాలి. శరీరాన్ని సిద్ధం చేసే పద్ధతే వేరు. పోర్షియా 2017లో పదిహేను మంది ప్రపంచకప్‌కు వెళ్లి 13 ట్రైలు చేశారు, అందులో ఎనిమిది హాంకాంగ్ మీద ఒక్క మ్యాచులోనే. బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్‌ను 41-32తో ఓడించి న్యూజిలాండ్ కప్పు గెలుచుకుంది, ఆ ఏడాది పదిహేను మంది ఆటలోనూ ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి ఆమే అయ్యారు. అయితే అంతటి జట్టుకు జీతపు ఒప్పందాలు వచ్చింది మరుసటి ఏడాది, 2018లోనే. ఒలింపిక్ ఆట కావడం వల్ల సెవెన్స్ క్రీడాకారిణులకు అవి అంతకుముందే అందాయి.

గాయాల సంగతికొస్తే, 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సెవెన్స్ ప్రపంచకప్ గెలిచిన కొద్ది నెలలకే ఆమె మడమ వెనుక ఉండే ఎకిలీస్ టెండన్ దెబ్బతింది. వేగమే పెట్టుబడిగా ఉన్న మనిషికి ఇంతకంటే చెడ్డ గాయం ఉండదు. తొడ కండరాల నొప్పీ తోడై, చాలాకాలం ఆటకు దూరమయ్యారు. 2021లో టోక్యో ఫైనల్‌లో ఫ్రాన్స్‌ను 26-12తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో ఆమె ఉన్నారంటే, ఆ మధ్యకాలంలో కోలుకోవడానికి ఎంత శ్రమ పడ్డారో ఊహించుకోవచ్చు. 2022 నవంబరులో ఆక్లాండ్ ఈడెన్ పార్క్‌లో పదిహేను మంది ప్రపంచకప్ ఫైనల్ మొదట్లోనే తలకు తగిలిన దెబ్బతో ఆమె మైదానం వీడారు, ఢీకొట్టిన ఇంగ్లండ్ క్రీడాకారిణికి రెడ్ కార్డు పడింది, న్యూజిలాండ్ 34-31తో గెలిచింది. తల దెబ్బ అనుమానం వస్తే ఎంతటి ఆటగత్తెనైనా బయటికి తీసుకెళ్లాలనే నియమం గట్టిగా అమలు కావలసిందే, ఇందులో నాకు రెండో మాట లేదు.

సహ క్రీడాకారిణి రెనీ విక్లిఫ్‌ను పెళ్లి చేసుకున్నాక పోర్షియా వుడ్‌మన్ విక్లిఫ్‌గా పేరు మార్చుకున్న ఆమె, 2024 పారిస్‌లో కెనడాపై 19-12తో రెండో స్వర్ణం గెలిచి అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పారు. మరుసటి ఏడాదే ఆ నిర్ణయం మార్చుకుని ఇంగ్లండ్‌లో జరిగిన పదిహేను మంది ప్రపంచకప్‌కు వెళ్లారు. న్యూజిలాండ్ అక్కడ సెమీఫైనల్‌లో కెనడా చేతిలో ఓడి, మూడో స్థానంతో తిరిగివచ్చింది.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో పీఈటీని. మన దగ్గర ఆడపిల్లలకు ఈ ఆటలో అవకాశం ఉందా? (ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం)

జవాబు: ఉంది, కానీ ఇంకా సన్నగానే ఉంది. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరుతో జట్టు ఆడింది, అయితే అది పురుషుల లీగ్. ఆడపిల్లల విషయంలో మీకు ఆనుకునే ఉన్న ఒడిశా, ఆపైన బిహార్ ముందున్నాయి. జాతీయ జట్టుకు ఆడిన బిహార్ క్రీడాకారిణి స్వీటీ కుమారి కూడా పరుగు పందేల నుంచి రగ్బీకి వచ్చినవారే. అందుచేత కబడ్డీ, ఖోఖో, పరుగు ఆడే పిల్లలను పిలిచి, ఢీకొట్టడం లేకుండా నడుముకు కట్టిన రిబ్బను లాగే ట్యాగ్ రగ్బీతో మొదలుపెట్టండి. దానికి ఒక బంతి, కాస్త చదునైన నేల ఉంటే చాలు. పట్టు నేర్పే దశ వచ్చినప్పుడు, భుజాల పైన పట్టకూడదని, చేతులు చుట్టకుండా ఢీకొట్టకూడదని మొదటి రోజే చెప్పండి.