లాన్ కేర్ పెడతానంటున్న మీ అబ్బాయికి అప్పు ఇప్పించే ముందు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం. రెండేళ్లుగా సెలవుల్లో లాన్ కేర్ చేసే ఒకాయన దగ్గర పనికి వెళ్తున్నాడు. చదువు అయిపోగానే సొంతంగా మొదలుపెడతాడట, ఎక్కి కూర్చుని నడిపే పెద్ద మోవర్ (గడ్డి కోసే యంత్రం) కొనడానికి అప్పు ఇప్పించమంటున్నాడు. గడ్డి కోయడానికి డిగ్రీ దేనికని నాకు కోపం, నాలుగు గోడల మధ్య కూర్చోలేనని వాడి పట్టు. ఇందులో బతుకుతెరువు ఉందా? రోజులు ఎలా గడుస్తాయి? ఒప్పుకోమంటారా?

జవాబు: బతుకుతెరువు ఉందండీ. ఒక్క మోవర్‌తో మొదలుపెట్టి కొన్నేళ్లకు నలుగురికి పని ఇచ్చే స్థాయికి వచ్చినవాళ్లు ఈ రంగంలో ఉన్నారు. మంచి నైపుణ్యం ఉండి కూడా రెండో ఏడాదికే యంత్రాలు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. తేడా ఎక్కడ వస్తుందంటే, గడ్డి ఎంత బాగా కోస్తారన్న దాంట్లో కాదు, కోయని గంటల్లో. మీవాడు సెలవుల్లో చూసింది కోత మాత్రమే. వాన పడ్డ రోజు, బండి మొరాయించిన రోజు, డబ్బు రాని నెల, ఇవన్నీ ఆ యజమాని తలమీద ఉన్నాయి, మీవాడి దాకా రాలేదు. అందుకే మీరు అడిగిన మూడు ప్రశ్నల్లో ముందుగా రెండోది, రోజులు ఎలా గడుస్తాయన్నది తీసుకుంటాను, మిగతా రెండూ దాని మీదే ఆధారపడ్డాయి.

మంచి రోజుతో మొదలుపెడదాం. ఎండ రాకముందే బయలుదేరి, మంచు తడి ఆరేలోపు పెట్రోలు పోసుకుని, ఆయిల్ చూసుకుని, ఒకే వీధిలో ఉన్న లాన్లు వరసగా చేసుకుంటూ పోతారు. మోవర్‌తో కోత, ట్రిమ్మర్‌తో గోడల పక్కన, చెట్ల మొదళ్ల దగ్గర, ఆ తర్వాత దారి అంచులు గీత గీసినట్టు సరిచేసి, రాలిన గడ్డిని బ్లోయర్‌తో ఊడ్చేస్తే ఆ ఇంటి పని అయిపోయినట్టే. వెనక్కి తిరిగి చూస్తే చేసిన పని కళ్లముందే కనిపిస్తుంది. నాలుగు గోడల మధ్య కూర్చోలేనంటున్న మీవాడికి నచ్చింది బహుశా ఇదే, దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి, చేసిన పని సాయంత్రానికి కంటికి కనిపించే ఉద్యోగాలు నిజంగానే తక్కువ.

ఇక వాన రోజు. తడి గడ్డి కోస్తే ముద్దలు ముద్దలుగా పడుతుంది, మోవర్ చక్రాలు నేలలో గాడులు చేస్తాయి, తెగుళ్లు ఒక లాన్ నుంచి ఇంకో లాన్‌కి పాకుతాయి. కాబట్టి ఆగాలి. కానీ వాన పడితే గడ్డి ఆగదు కదా, ఇంకా వేగంగా పెరుగుతుంది. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. 6 సెంటీమీటర్లు ఉంచాలనుకుంటే 9 సెంటీమీటర్లకు చేరగానే కోసెయ్యాలన్నమాట. నాలుగు రోజుల ముసురు తర్వాత అది 12కి చేరిందనుకోండి, ఇప్పుడు ఒకేసారి 6కి దించితే గడ్డి పసుపెక్కి నీరసిస్తుంది, వేళ్లు కూడా దెబ్బతింటాయి. 8కి కోసి, కొన్ని రోజులాగి మళ్లీ రావాలి. అంటే ఒక ఇంటికి రెండు రాకలు, తీసుకునేది మాత్రం మామూలు డబ్బే. ఆ వారం కస్టమర్లందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు, అందరికీ వాళ్ల లాన్ మొదట కావాలి. వాన పడ్డ వారంలో ఆదాయం ఆగి, ఎండ కాసిన వారంలో ఒళ్లు హూనమయ్యే ఈ పద్ధతికి మీవాడి మనసు అలవాటు పడుతుందా లేదా అన్నది ముఖ్యం. కొందరికి ఇదే హుషారు. కొందరు ఆకాశం మబ్బు పట్టిన ప్రతిసారీ టెన్షన్ పడతారు, అలాంటివాళ్లకి ఇది సరిపడదు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

యంత్రాల సంగతి. చాలా మోవర్ ఇంజన్లకు 50 గంటల పనికోసారి ఆయిల్ మార్చాలి. బ్లేడు 20, 25 గంటలకు పదును పెట్టాలి, మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది, రెండు రోజుల తర్వాత లాన్ మొత్తం కొసలు తెల్లబారి కనిపిస్తుంది, కస్టమర్ అది ఎండ వల్ల అనుకోడు, మీవాడి వల్లే అనుకుంటాడు, అది నిజం కూడా. ఆయిల్ కలిపిన పెట్రోలుతో నడిచే టూ స్ట్రోక్ ట్రిమ్మర్‌లో ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోస్తే ఇంజన్ పట్టేస్తుంది, పనివాడు హడావిడిలో చేసే ఆ ఒక్క పొరపాటుకి ట్రిమ్మర్ పోతుంది. నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉన్న పెట్రోలు కార్బురేటర్‌ని మూసేస్తుంది, సీజన్ మొదటి రోజున స్టార్ట్ అవని మోవర్ల వెనక తరచూ ఉండే కథ ఇదే. ఇవేవీ కష్టమైన పనులు కావు. కానీ ఇవన్నీ జరిగేది సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చాక.

ఇప్పుడు డబ్బు లెక్క, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు మునిగేది ఇక్కడే. రోజుకి పది లాన్లు ఒప్పుకున్నారనుకోండి. పదీ ఒకే పేటలో పక్కపక్కన ఉంటే నడిచేంత దూరం. అవే పది లాన్లు ఊరంతా చెదిరి ఉండి, ఒక్కోదానికీ మధ్య ఇరవై నిమిషాల ప్రయాణం అనుకుంటే, తొమ్మిది ప్రయాణాలకు మూడు గంటలు పోతుంది. పైగా ట్రైలర్‌లోంచి యంత్రాలు దించడం, మళ్లీ ఎక్కించడం. ఆ మూడు గంటలకి ఎవరూ డబ్బివ్వరు, పెట్రోలు ఖర్చు మాత్రం మీవాడిదే. కొత్తలో ఎవరు పిలిచినా ఎంత దూరమైనా పరిగెత్తాలనిపిస్తుంది, వచ్చిన పని వదులుకోవాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. అయినా సరే, దూరంగా ఉన్న ఒక్క లాన్‌ని వదులుకుని, ఇప్పటికే చేస్తున్న వీధిలో పక్కింటి తలుపు తట్టడం నేర్చుకోవాలి.

ధర చెప్పడంలో ఇంకో చిక్కుంది. యజమాని దగ్గర పనిచేసిన కుర్రాడు తనకొచ్చే కూలీని, ఆయన తీసుకునే ధరను పక్కపక్కన పెట్టి చూసి, మిగతాదంతా లాభమే అనుకుంటాడు. మోవర్ అరుగుదల, బ్లేడ్లు, బండి రిపేరు, ఇన్సూరెన్స్, పన్ను, ఎగవేసిన బిల్లులు, పనిలేని నెలలు, ఇవన్నీ ఆ తేడాలోంచే రావాలి. ఇవి లెక్కేసుకోకుండా తక్కువ రేటుకి ఒప్పుకుంటే క్యాలెండర్ నిండిపోతుంది, చేతిలో మాత్రం ఏమీ మిగలదు. తర్వాత రేటు పెంచుదామంటే మొదటి నుంచీ ఉన్న కస్టమర్లే ముందు వెళ్లిపోతారు.

కస్టమర్లలో మంచివాళ్లే ఎక్కువ, ఆ మాట చెప్పి తీరాలి. ఎండలో పనిచేస్తుంటే మంచినీళ్లు తెచ్చిచ్చేవాళ్లు, బిల్లు చేతిలో పెట్టగానే చెల్లించేవాళ్లు, నలుగురికి పేరు చెప్పేవాళ్లు ఉంటారు. అయితే వారాల తరబడి నీళ్లు పెట్టకుండా లాన్ ఎండిపోయాక మీరేదో మందు కొట్టారనేవాళ్లు కూడా తగులుతారు. లాన్‌లో గుండ్రటి ఎండు మచ్చ, దాని చుట్టూ ముదురు పచ్చటి వలయం ఉంటే అది చాలాసార్లు కుక్క మూత్రం పని, మధ్యలో నత్రజని ఎక్కువై మాడుతుంది, అంచుల్లో అదే నత్రజని ఎరువుగా పనిచేస్తుంది. ఈ సంగతి తెలిసినవాడు పెంపుడు కుక్క యజమానికి నొచ్చుకోకుండా వివరించి ఆ కస్టమర్‌ని నిలబెట్టుకుంటాడు. తెలియనివాడు క్షమాపణ చెప్పి ఉచితంగా కొత్త గడ్డి వేస్తాడు.

మీ అసలు కోపానికి జవాబు కూడా ఇక్కడే ఉందండీ. డిగ్రీ దేనికన్నారు కదా. కేవలం కోతతో ఆగిపోతే మీరన్నది చాలావరకు నిజం, పోటీ విపరీతం, యంత్రం కొన్న ప్రతివాడూ పోటీదారే, రోబో మోవర్లు కూడా వచ్చేశాయి. ఇంకో మెట్టెక్కితే అది మొక్కల శాస్త్రం, మట్టి, రసాయనం, లెక్కలు కలిసిన పని. చల్లటి వాతావరణంలో బాగా పెరిగే గడ్డి జాతులు 15 నుంచి 24 డిగ్రీల మధ్య జోరుగా ఉంటాయి, గరిక జాతి బెర్ముడా లాంటి వేడి వాతావరణపు గడ్డికి 27 నుంచి 35 డిగ్రీలు కావాలి. ఏ గడ్డికి ఏ నెలలో ఎరువు వెయ్యాలో, ఎప్పుడు వేస్తే కలుపుకే బలమో దీన్నిబట్టే తేలుతుంది. కలుపుమందుల్లో 2,4-డి వెడల్పాకు కలుపునే చంపుతుంది, గ్లైఫోసేట్ పచ్చగా ఉన్న దేన్నీ వదలదు, ఈ రెండోది కొట్టిన స్ప్రేయర్‌ని సరిగ్గా కడక్కుండా తర్వాతి లాన్‌కి తీసుకెళ్తే ఒక కుటుంబం ఎన్నో నెలలు పెంచుకున్న పచ్చిక పోతుంది. కోసిన గడ్డిని అక్కడే సన్నగా వదిలేస్తే ఆ లాన్‌కి ఏడాదిలో కావలసిన నత్రజనిలో పాతిక శాతం వరకూ తిరిగి మట్టికే చేరుతుందని తెలిసినవాడు ఎరువు ఖర్చు తగ్గించగలడు. చాలా దేశాల్లో డబ్బు తీసుకుని ఇతరుల స్థలంలో పురుగుమందు, కలుపుమందు కొట్టాలంటే శిక్షణ, లైసెన్సు తప్పనిసరి. ఇది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ, పోటీ పలచబడేది కూడా ఈ గీత దాటాకే. రోబో గడ్డి కోస్తుంది, వేరు పురుగు ఎక్కడ తింటోందో కనిపెట్టదు. అందుకని డిగ్రీ పూర్తి చెయ్యమనండి, ఆ తర్వాత ఉద్యానశాస్త్రంలోనో టర్ఫ్ (పచ్చిక) నిర్వహణలోనో చిన్న కోర్సు, దాంతోపాటు మందుల లైసెన్సు, కాస్త అకౌంట్స్.

ఒంటి గురించి ఒక మాట, తండ్రిగా మీరు పట్టుబట్టాల్సింది దీనికే. పెట్రోలు మోవర్ చప్పుడు 90 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది, రోజంతా 85 దాటిన చప్పుడులో ఉంటే వినికిడి మెల్లగా తగ్గిపోతుంది, పోయింది తిరిగి రాదు. చెవులకి రక్షణ, కళ్లద్దాలు, గట్టి బూట్లు లేకుండా యంత్రం ముట్టుకోకూడదు. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు తీసెయ్యాలి. వాలు నేల మీద, ముఖ్యంగా తడిగా ఉన్నప్పుడు, ఎక్కి నడిపే మోవర్ తిరగబడే ప్రమాదం ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి ఇవన్నీ పెద్దవాళ్ల చాదస్తంలా వినిపిస్తాయి, అయినా చెప్పండి.

ఇక అప్పు సంగతి. ఇప్పుడు వద్దు. ఎక్కి నడిపే పెద్ద మోవర్ ఖాళీగా ఉన్న నెలల్లోనూ వాయిదా అడుగుతుంది, దాన్ని మోయడానికి సరిపడా లాన్లు ముందు ఉండాలి. గడ్డి నిద్రపోయే కాలంలో కోత దాదాపు ఆగిపోతుంది, అప్పుడు ఆకులు ఎత్తడం, కొమ్మలు కత్తిరించడం, నేలకి గాలి ఆడేలా రంధ్రాలు చెయ్యడం లాంటి పనులతో నెట్టుకురావాలి. అనుభవమున్నవాళ్లు ఏడాది మొత్తానికి ఒక ధర మాట్లాడుకుని పన్నెండు సమాన భాగాలుగా తీసుకుంటారు, అలా ఒప్పుకునే కస్టమర్లు దొరకాలంటే ముందు నమ్మకం కుదరాలి, దానికి సమయం పడుతుంది.

నేనైతే ఇలా చెయ్యమంటాను. పరీక్షలయ్యాక అదే యజమాని దగ్గర పూర్తి సీజన్, పనిలేని నెలలతో సహా, పనిచెయ్యనివ్వండి. తను పోటీగా రాబోతున్నానని దాచొద్దు, ఉన్నమాట చెప్పి, వేరే పేటలో పెట్టుకుంటానని మాటివ్వమనండి, చాలామంది పెద్దమనసుతోనే నేర్పిస్తారు. ఆయన అనుమతితో సెలవు రోజుల్లో సొంతంగా నాలుగైదు లాన్లు, అన్నీ దగ్గరదగ్గరగా, తోసుకుంటూ నడిపే సెకండ్ హ్యాండ్ మోవర్‌తో చేసుకోవచ్చు, ఆ మోవర్‌కి మీరు సాయం చెయ్యగలిగితే చెయ్యండి. మొదటి లాన్ ముట్టుకునే ముందే ఇన్సూరెన్స్ ఉండాలి, బ్లేడు కింద పడిన రాయి ఎగిరి కారు అద్దానికి తగలడం ఈ పనిలో వింతేమీ కాదు. ఒక నోట్‌బుక్‌లో ప్రతిరోజూ కోతకి ఎంత సేపు పట్టింది, ప్రయాణం ఎంత, పెట్రోలు ఎంత, ఎవరు ఎప్పుడు చెల్లించారు అని రాసుకోమనండి. అమ్మా నాన్నల బ్యాంకు ఖాతాతో కలపకుండా విడి ఖాతా తెరవమనండి.

ఆ నోట్‌బుక్ రాయడానికే బద్ధకించాడంటే వ్యాపారం గురించి మళ్లీ మాట్లాడుకోవాలి, ఈ రంగంలోనే ఉద్యోగం చేసే దారులు కూడా ఉన్నాయి, ఆట మైదానాలు, గోల్ఫ్ కోర్సులు, పార్కులు, వీటన్నిటికీ పచ్చిక తెలిసిన మనుషులు కావాలి, అక్కడ నెల తిరగ్గానే జీతం వస్తుంది. శ్రద్ధగా రాశాడంటే సీజన్ చివర ఇద్దరూ దాన్ని ముందు పెట్టుకుని కూర్చోండి, గంటకి నిజంగా ఎంత మిగిలిందో తేల్చండి. ఆ అంకె అతను ఇంకెక్కడైనా తెచ్చుకోగల జీతానికి దగ్గరగా ఉండి, అయినా ఇదే చేస్తానంటే, అప్పు గురించి ఆ రోజు మాట్లాడదాం. లెక్కలు పంపితే నేనూ చూస్తాను.