బానెట్టు కింద: ముందు చక్రాల కారుకు రోటరీ ఇంజను

గత సంచికలో వాంకెల్ రోటరీ ఇంజను, అంటే పిస్టన్లకు బదులు ముక్కోణపు రోటర్ తిరిగే ఇంజను, ఎలా తిరుగుతుందో రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. వాటిలో ఎక్కువ భాగం ఒకే కోరిక చుట్టూ తిరుగుతున్నాయి: ఇంజను ముందు చక్రాలను తిప్పే చిన్న కారులో (ఫ్రంట్ వీల్ డ్రైవ్) ఉన్న ఇంజను తీసేసి రోటరీ పెట్టవచ్చా? అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, ఆక్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడివాళ్ళకు రోటరీ అంటే ప్రాణం. నా దగ్గర 1994 నాటి హోండా సివిక్ ఉంది. పాత మాజ్డా ఆర్‌ఎక్స్-7 స్పోర్ట్స్ కారు నుంచి తీసిన 13బి రోటరీ ఇంజను ఒకటి చవకగా దొరికింది. టేపు పెట్టి కొలిస్తే బానెట్టు కింద చక్కగా పడుతోంది. రెంటినీ కలిపే అడాప్టర్ ప్లేటు చేయించి సివిక్ గేర్‌బాక్సుకే బిగించవచ్చా?
– ఓ పాఠకుడు, ఆక్లాండ్, న్యూజిలాండ్

జవాబు: పడుతుంది, అందులో సందేహం లేదు. 13బిలో రెండు రోటర్లు, ఒక్కోదానికి 654 సీసీ చొప్పున మొత్తం 1308 సీసీ. రోటర్ వెడల్పు 80 మిల్లీమీటర్లు. వాల్వులు, క్యామ్ షాఫ్టు, సిలిండర్ హెడ్డు ఏవీ లేవు కాబట్టి ఎత్తు కూడా తక్కువే. అయితే తిరిగే దిశ టేపుకు అందదు. ముందు దాని సంగతి చూడండి.

మాజ్డా రోటరీని పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. లోకంలో చాలా ఇంజన్లు అంతే. మీ సివిక్ కాలంలో హోండా వాడిన బి, డి సిరీస్ ఇంజన్లు మాత్రం అందుకు ఎదురు దిశలో తిరుగుతాయి. అందుకే హోండా వాళ్ళు ఇంజనును కారుకు ఎడమ వైపున, గేర్‌బాక్సును కుడి వైపున పెట్టారు. గేర్‌బాక్సు లోపల ఇన్‌పుట్ షాఫ్టు నుంచి రెండో షాఫ్టుకు వచ్చేసరికి దిశ ఒకసారి మారుతుంది, అక్కడి నుంచి రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్‌కు వచ్చేసరికి మళ్ళీ మారుతుంది. అంటే ఇంజను ఎటు తిరిగితే చక్రాలూ అటే తిరుగుతాయి. ఆ గేర్‌బాక్సుకు మీరు 13బిని తగిలిస్తే కారుకు వెనక్కి వెళ్ళే గేర్లు అయిదు, ముందుకు వెళ్ళే గేరు ఒకటి ఉంటాయి. ప్లేటు ఎంత నున్నగా కోసినా ఇది మారదు.

గేర్‌బాక్సునే మార్చుకోవాలి. ఇంజను కుడివైపు, గేర్‌బాక్సు ఎడమవైపు ఉండే కార్లలోది కావాలి. 1980 తర్వాతి ఫ్రంట్ వీల్ డ్రైవ్ మాజ్డా 323ది సరిపోతుంది. మాజ్డాదే కదా అని రోటరీకి నేరుగా బిగుస్తుందనుకోవద్దు, బోల్టు రంధ్రాలు కలవవు, ప్లేటు తప్పదు. ఫ్లైవీలు విషయంలో ఒక తేలిక దారి ఉంది. మాన్యువల్ గేర్‌బాక్సు రోటరీకి ఫ్లైవీలు, తూకం సరిచేసే వెనుక కౌంటర్ వెయిటు ఒకే ముక్కగా వస్తాయి. 54 మిల్లీమీటర్ల ఒకే ఒక్క పెద్ద నట్టు వాటిని షాఫ్టు మొనకు పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కార్లలో కౌంటర్ వెయిటు విడిగా ఉంటుంది. దాన్ని తెచ్చుకుంటే, మీ క్లచ్‌కు సరిపోయే ఫ్లైవీలును వేరుగా తయారు చేయించి దాని మీద బిగించవచ్చు. బ్యాలెన్సు చెడదు.

ఇక వేడి. మీ పని ఆగిపోతే ఇక్కడే ఆగుతుంది. మాజ్డా రోటరీలో గాలి లోపలికి వెళ్ళే దారి, పొగ బయటికి వచ్చే దారి రెండూ ఒకే పక్కన ఉంటాయి, గాలిది పైన, పొగది కింద. స్పార్క్ ప్లగ్గులు రెండో పక్కన. పుల్లీ కుడివైపు వచ్చేలా ఇంజనును అడ్డంగా పెట్టారంటే ఆ రెండు దారులూ డ్రైవరు కాళ్ళ ముందున్న రేకు గోడ వైపు తిరుగుతాయి. ప్లగ్గులు ముందుకు వచ్చి చేతికి సులువుగా అందుతాయి, అది లాభమే. కానీ రోటరీ పొగ మామూలు పిస్టన్ ఇంజను పొగ కంటే బాగా వేడిగా వస్తుంది. సరిగ్గా ఆ గొట్టం దిగే చోటే కుడి చక్రానికి వెళ్ళే డ్రైవ్ షాఫ్టు, దాని రబ్బరు బూటు, స్టీరింగ్ ర్యాకు, బ్రేకు గొట్టాలు ఉంటాయి. బూటు కరిగితే గ్రీజు కారిపోతుంది, గ్రీజు పోతే జాయింటు పోతుంది. వేడిని ఆపే రేకు కవచం రెండు పొరలుగా, మధ్యలో గాలి ఆడేలా కట్టడానికి చోటు మిగిలిందో లేదో ముందు చూసుకోండి. మిగలకపోతే ఆ కారులో ఈ పని మొదలుపెట్టవద్దు.

నా అభిప్రాయం అడిగితే: మీ దేశంలో 1980కి ముందు నాటి వెనుక చక్రాల మాజ్డా 323లు ఇంకా కనిపిస్తాయి. ఆ 13బికి తగిన ఇల్లు అది. సివిక్‌ను సివిక్‌గానే ఉంచండి.

ప్రశ్న: మేము నలుగురం డిప్లొమా చివరి సంవత్సరం విద్యార్థులం. ప్రాజెక్టు కోసం పాత మారుతి 800లో విదేశాల నుంచి తెప్పించిన రోటరీ ఇంజను పెట్టాలనుకుంటున్నాం. మీరు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవారు కదా, సలహా ఇవ్వండి.
– విద్యార్థులు, వరంగల్

జవాబు: మీ ఉత్సాహం చూసి సంతోషం కలిగింది. అయినా ఈ పని మీరు చేయవద్దు. లెక్క చూడండి. 796 సీసీ మారుతి ఇంజను ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 60 న్యూటన్ మీటర్లు. టర్బో లేని, 1980ల మధ్య నాటి 13బి ఇచ్చేది దాదాపు 180. మూడింతలు! మారుతి గేర్‌బాక్సులో పళ్ళు, డిఫరెన్షియల్, సన్నని డ్రైవ్ షాఫ్టులు, 12 అంగుళాల చక్రాల వెనుక ఉన్న చిన్న బ్రేకులు అన్నీ ఆ 60కి లెక్కకట్టి చేసినవే. ఇంజను మారిస్తే వాటిలో ఒక్కటీ మిగలదు. అన్నీ మార్చాక అది మారుతి 800 కాదు.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదు. 2019 సవరణతో చేరిన 182-ఎ సెక్షన్ కింద అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మీ నలుగురిలో ఎవరి పేరు మీద ఉంటుంది ఆ ఆర్సీ పుస్తకం?

ప్రాజెక్టు కావాలంటే ఇది చేయండి. మా తరగతిలో ఏటా చేయించేవాణ్ణి. దళసరి ప్లైవుడ్ మీద ఎపిట్రోకాయిడ్ వంపు, అంటే రోటర్ తిరిగే గది గోడ ఆకారం, గీయండి. మాజ్డా కొలతలే తీసుకోండి: రోటర్ కేంద్రం నుంచి మొన వరకు 105 మిల్లీమీటర్లు, షాఫ్టు ఉత్కేంద్రత (షాఫ్టు కేంద్రం నుంచి రోటర్ కేంద్రం పక్కకు జరిగిన దూరం) 15 మిల్లీమీటర్లు. ఆ వంపును కోసి, అందులో ముక్కోణపు రోటర్‌ను తిప్పండి. రోటర్ లోపలి పళ్ళ చక్రానికి, స్థిరంగా ఉండే పళ్ళ చక్రానికి పళ్ళ నిష్పత్తి మూడుకు రెండు. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. మూడు మొనలూ గోడను వదలకుండా జారుతూ వెళ్ళడం కళ్ళారా చూసినవాడికి రోటర్ మొనలో గోడకు ఆనుకుని ఉండే ఎపెక్స్ సీలు ఎందుకు అరుగుతుందో, మొన ఆనే కోణం క్షణక్షణం ఎందుకు మారుతుందో ఇంకెవరూ చెప్పనక్కరలేదు. కోతలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా రోటర్ బిగుసుకుపోతుంది. లేతు, మిల్లింగ్ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి గురువు నాకు తెలియదు. బెజవాడ ఆటోనగర్‌లో షెడ్లు పెట్టుకున్న నా పాత విద్యార్థులు కొందరు ఈ చెక్క రోటర్‌ను ఇప్పటికీ గోడకు తగిలించి ఉంచారు.

ప్రశ్న: నెకార్సుల్మ్‌లోని మ్యూజియంలో ఎన్‌ఎస్‌యు కంపెనీ రోటరీ కారు ఆర్ఓ 80 చూశాను. అది ఫ్రంట్ వీల్ డ్రైవ్ అని అప్పుడే తెలిసింది. పక్కనే నిలబడ్డ ఓ పెద్దాయన, వీటిలో చాలా కార్లకు రోటరీ తీసేసి ఫోర్డ్ ఇంజను పెట్టారని చెప్పారు. నిజమా?
– ఓ పాఠకురాలు, హైల్‌బ్రోన్, జర్మనీ

జవాబు: నిజమేనమ్మా. ఆ కారు గురించి ఎవరైనా అడగాలని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నాను.

1967లో వచ్చిన ఆర్ఓ 80 చిన్న కారు కాదు, పెద్ద కుటుంబపు సెడాన్. కానీ రోటరీని ముందు చక్రాలకు ఎలా కలపాలో దాన్ని చూసే నేర్చుకోవాలి. ఇంజనును అడ్డంగా కాకుండా నిలువుగా, ముందు యాక్సిల్‌కు ఇంకా ముందు వేలాడదీశారు. రోటరీ పొట్టిది, తేలికైనది కాబట్టే అది కుదిరింది. గేర్‌బాక్సు దాని వెనుక. ఎడమ, కుడి డ్రైవ్ షాఫ్టులు గేర్‌బాక్సుకు రెండు పక్కల నుంచి బయలుదేరతాయి. ముందు బ్రేకు డిస్కులు కూడా చక్రాల దగ్గర కాకుండా లోపల, గేర్‌బాక్సు పక్కనే ఉంటాయి. 995 సీసీ, రెండు రోటర్లు, 115 హార్స్ పవర్. రోటరీకి తక్కువ వేగంలో లాగే బలం తక్కువ అని తెలుసు కాబట్టి టార్క్ కన్వర్టర్ ఉన్న సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఇచ్చారు. అంటే ఇంజను బలహీనత ఏమిటో తెలిసి, కారు మొత్తాన్ని దానికి అనుగుణంగా మలిచారు. 1968లో యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి ఆ కారుకే దక్కింది.

దెబ్బతీసింది ఎపెక్స్ సీలు. తొలి కార్లలో ముక్కలుగా చేసిన సీలు నడిమి భాగం త్వరగా అరిగిపోయేది, కంప్రెషన్ పడిపోయేది, ఇంజను స్టార్ట్ అయ్యేది కాదు. ఊళ్ళో కాస్త దూరాలు తిరిగి ఆపేసేవారి కార్లకు ఇది ఇంకా త్వరగా వచ్చేది. కంపెనీ వారంటీ కింద ఇంజన్ల మీద ఇంజన్లు మార్చింది, ఆ ఖర్చు కంపెనీ నడ్డి విరిచింది. 1969లో ఎన్‌ఎస్‌యు ఫోక్స్‌వాగన్ గూటికి చేరింది. తర్వాత సీలు పదార్థం మార్చి చాలావరకు సరిదిద్దారు గాని, పోయిన పేరు తిరిగి రాలేదు. 1977 వరకు 37 వేల పైచిలుకు కార్లు తయారయ్యాయి.

వారంటీ తీరిన కార్ల యజమానులు ఏం చేయాలి? ఆ పొట్టి చోటులో పట్టే పిస్టన్ ఇంజను కావాలి. ఫోర్డ్ వారి ఎసెక్స్ వి4 దొరికింది. నాలుగు సిలిండర్లు వి ఆకారంలో ఉండటం వల్ల అది పొట్టిగా ఉంటుంది. ఇంజను పడింది, కారు నడిచింది. కానీ వీణ మోగిన ఇంట్లో రోలు పొత్రం తిప్పినట్టు అయింది. ఆనాటి కార్లలో అంత నున్నగా తిరిగే ఇంజను అరుదు, దాని స్థానంలో గరగరలాడే వి4 వచ్చి కూర్చుంది. ఆ పని చేసినవాళ్ళను నేను తప్పు పట్టను, కారును తుక్కుకు పోకుండా కాపాడారు. అయినా మనసు నొచ్చుకుంటుంది. తర్వాతి కాలంలో కొందరు అదే చోటులో మాజ్డా 12ఎ, 13బి రోటరీలు పెట్టారు. ముందు చక్రాల కారుకు రోటరీ మార్పిడి అంటే నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది అదొక్కటే, ఎందుకంటే ఆ కారు పుట్టిందే రోటరీ కోసం.

ప్రశ్న: చిన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో రోటరీని ఏ కంపెనీ అయినా స్వయంగా పెట్టిందా?
– చెన్నై

జవాబు: పెట్టాయి. సిట్రోయెన్ 1969లో ఎం35 అనే బుల్లి కారును ఒకే రోటర్‌తో, 49 హార్స్ పవర్‌తో చేసి, బాగా ఎక్కువ తిరిగే తన పాత ఖాతాదారులకు పరీక్ష కోసం అమ్మింది. మొత్తం 267 కార్లు. ప్రతి కారు ముందు రెక్క మీద ప్రోటోటైప్ అని, దాని వరుస సంఖ్యతో సహా రాసి ఉండేది. తర్వాత జిఎస్ బైరోటర్: రెండు రోటర్లు, అడ్డంగా, 107 హార్స్ పవర్. 1973లో విడుదలైన వెంటనే అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం, చమురు సంక్షోభం వచ్చిపడ్డాయి. తమ పెద్ద డిఎస్ కారుకు తీసిపోకుండా పెట్రోలు తాగే చిన్న కారును ఎవరు కొంటారు? 847 దగ్గర ఆగింది. కంపెనీయే చాలా కార్లను తిరిగి కొని ధ్వంసం చేసింది. విడిభాగాల బాధ్యత వద్దనుకుంది. ఆ నిర్ణయాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను.

మాజ్డా కూడా 1969లో లూచే రోటరీ కూపేను ముందు చక్రాలతో తెచ్చింది. దానికోసమే 13ఎ అనే ప్రత్యేక ఇంజను. వెయ్యి కార్లు కూడా చేయకుండానే 1972లో ఆపేసి వెనుక చక్రాలకే తిరిగి వెళ్ళింది.

మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరి జవాబు రష్యాలో ఉంది. తొల్యాట్టిలో లాడా కార్లు చేసే వాజ్ కర్మాగారంలో రోటరీల కోసమే ఒక డిజైన్ విభాగం పనిచేసింది. మొదట్లో పోలీసులు, గూఢచారి శాఖ వాడే జిగులీ కార్లకు రోటరీలు చేశారు, అవి వెనుక చక్రాలవి. ఆ తర్వాత వాజ్-415 అనే రెండు రోటర్ల, 140 హార్స్ పవర్ ఇంజనును లాడా సమారాలో అడ్డంగా పెట్టారు. పైకి మామూలు సమారా లాగే కనిపించే ఆ కారులో మామూలు ఇంజనుకు దాదాపు రెట్టింపు బలం. సిట్రోయెన్ లాగే రోటరీని చిన్న ముందు చక్రాల కారులో ఇరికించి రోడ్డు మీదికి తెచ్చినవాళ్ళు వాళ్ళు, అయితే వాళ్ళ వెనుక ఒక కర్మాగారం మొత్తం ఉంది.

ప్రశ్న: ఈ రోజుల్లో కొత్తగా కొనగలిగే రోటరీ కారు ఏదైనా వచ్చిందా? మైలేజీ ఎంత?
– రాజమహేంద్రవరం

జవాబు: మాజ్డా 2023లో ఎంఎక్స్-30 ఆర్-ఈవీ తెచ్చింది. ఇదీ ఫ్రంట్ వీల్ డ్రైవే. 830 సీసీ, ఒకే రోటర్. అయితే ఇంజనుకు, చక్రాలకు మధ్య సంబంధమే లేదు. అది జనరేటర్‌ను తిప్పి కరెంటు ఇస్తుంది, చక్రాలను తిప్పేది మోటారు. బ్యాటరీ 17.8 కిలోవాట్ అవర్లు. తక్కువ వేగంలో లాగలేకపోవడం, గేర్‌బాక్సు, దిశ అన్న చిక్కులన్నీ ఈ పద్ధతిలో ఎగిరిపోయాయి. ఎపెక్స్ సీలును 2.5 మిల్లీమీటర్లకు దళసరి చేశారు. మన దేశంలో అమ్మడం లేదు. మన రోడ్ల మీద మనం చూసిన మాజ్డా పేరు స్వరాజ్ మాజ్డా మినీ బస్సులదే, అవి డీజిలువి. మైలేజీ సంగతి: రోటరీలో మంట పుట్టే గది పొడవుగా, పలచగా ఉండి వేడిని గోడలకు పోగొడుతుంది, కొంత పెట్రోలు కాలకుండానే పోతుంది. మైలేజీ కోసం రోటరీ కొనాలనుకుంటే వద్దనే చెబుతాను.