వాసన రాకపోతే మందు కాదా?

ఇంటి పురుగుల మీద పాఠకుల ప్రశ్నలకి జవాబులు. చెప్తున్నది చెన్నైలో 31 ఏళ్ళు పురుగుమందు డబ్బా భుజాన మోసి, ఇప్పుడు పెరంబూరులో కాళ్ళు చాపుకుని కూర్చున్న ఓ నెల్లూరు జిల్లా కావలి ఊరి మనిషి.

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బొద్దింకల మీదే. ఎండాకాలం మొదలైందని నాకు క్యాలెండరు కంటే ముందు పోస్ట్‌మ్యాన్ చెప్తాడు.

ప్రశ్న: అంకుల్, మాది అద్దె ఫ్లాట్. వంటింటి నిండా చిన్న బొద్దింకలు. మా ఆయన ప్రతి ఆదివారం స్ప్రే కొడతారు. ఆ రోజు పది చస్తే గురువారానికి ఇరవై తిరుగుతుంటాయి. పోయిన నెల జెల్ తెప్పించి అదీ పెట్టాం. లాభం లేదు. ఇంట్లో పాకే పిల్లాడున్నాడు, టెన్షన్‌గా ఉంది. — ఓ గృహిణి, వేళచ్చేరి

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన చేతిలోంచి ఆ స్ప్రే డబ్బా లాగేసుకో. జెల్‌ని చెడగొడుతున్నది అదే. జెల్ అంటే మేత. బొద్దింక తనంతట తాను వచ్చి తినాలి. పక్కనే స్ప్రే కొడితే ఆ ఘాటుకి అది అటు తొంగి కూడా చూడదు. విస్తరి వేసి వడ్డించి, పందిట్లో ఎండుమిరపకాయలు కాల్చినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇది ఎలా పని చేస్తుందో తెలిస్తే కాస్త ఓపిక వస్తుంది, అందుకని చెప్తాను. జెల్ తిన్న బొద్దింక అక్కడికక్కడే చావదు. మెల్లగా తన సందులోకి పోయి, అక్కడ పెంట వేసి, ఆ తర్వాత చస్తుంది. సందు దాటి బయటికి రాని పిల్లలు ఆ పెంట తింటాయి. చచ్చినదాన్ని కూడా వదలవు. అలా మందు వాటి కడుపులోకీ పోతుంది. స్ప్రేకి ఈ విద్య రాదు. అది ఎదురుగా దొరికినదాన్నే చంపుతుంది. కడుపుతో ఉన్న ఆడది 30, 40 గుడ్ల సంచి వెనక తగిలించుకుని, అవి పొదిగే దాకా సందులోనే ఉంటుంది. మీ గురువారం లెక్క అక్కడినుంచి వస్తోంది.

తల వెనక రెండు నల్ల చారలుంటే మీవి జర్మన్ బొద్దింకలు. పేరులో జర్మనీ ఉంది గానీ ఆ దేశం చేసిన పాపమేమీ లేదు. 1767లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త అలా పేరు పెట్టాడంతే. 2024లో జన్యువులు పరిశీలించి తేల్చిందేమిటంటే, ఇది సుమారు 2,100 ఏళ్ళ కిందట మన దేశంలోనో పక్కనున్న మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి చీలి, మనుషుల ఇళ్ళకి మరిగింది. అంటే మీ స్టవ్ కింద ఉన్నది ఇంచుమించు మనవైపుదే.

చుక్క పెసరగింజంత చాలు. పెద్ద ముద్ద పెడితే ఎండి గట్టిపడుతుంది, తినవు. ఎక్కడ పెట్టాలో నన్ను కాదు, వాటినే అడగండి. రాత్రి పదకొండుకి వంటింటి లైటు టక్కున వేసి, ఎటు పరిగెత్తాయో చూడండి. నేను చూసినంతలో మిక్సీ అడుగున, స్టవ్ నాబ్‌ల వెనక, ఫ్రిజ్ మోటారు దగ్గర, కప్‌బోర్డు తలుపుల బందుల్లో ఉంటాయి. ఒకసారి కోడంబాక్కంలో ఓ ఇంట్లో గోడ గడియారం తీస్తే వెనక పేరంటం జరుగుతోంది! బొద్దింక వీపూ కడుపూ రెండూ ఒరుసుకునే ఇరుకు సందు దానికి హాయి. పదిహేను ఇరవై చుక్కలు అలాంటి చోట్ల, పిల్లాడి చేయి అందని ఎత్తులో పెట్టండి. మామూలుగా దొరికే జెల్‌లో ఫిప్రోనిల్ అనే విషం 0.05 శాతమే. అలాగని పిల్లాడి దగ్గర అజాగ్రత్త వద్దు. నేల మీద గీసే లక్ష్మణరేఖ సుద్దముక్కలు మాత్రం పాకే పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఆ పొడి మొదట అంటేది వాడి అరచేతులకే.

నెల దాటినా ముట్టకపోతే వేరే కంపెనీ జెల్ మార్చి చూడండి. 1990ల మొదట్లో జూల్స్ సిల్వర్‌మన్ అనే శాస్త్రవేత్త, మేతలో కలిపే గ్లూకోజ్‌ని ఫ్లోరిడాలో కొన్ని బొద్దింకలు ముట్టడం లేదని కనిపెట్టాడు. ఎందుకో 2013లో తేలింది. వాటికి గ్లూకోజ్ చేదుగా తగులుతుందట. తీపి తినే వంశాలు మేతకి పోయాయి, చేదనుకున్నవి బతికి పిల్లల్ని కన్నాయి. అప్పటినుంచి మేత వంటకం మారుస్తూనే ఉన్నారు.

ఇంకొక్క మాట. ఘాటు లేని మందు వాడిన ప్రతి ఇంట్లోనూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "వాసనే రాలేదే, మందు కొట్టారా లేదా?" కొత్తలో నేనూ ఆ మాటకి లొంగాను. 1989లో పురసవాక్కంలో ఓ పెద్దావిడ అలా అన్నారని స్ప్రే మోతాదు పెంచి ఇల్లంతా కొట్టాను. హాల్లో చేపల తొట్టి ఉంది. గుడ్డ కప్పలేదు, గాలి పంపు ఆపలేదు. ఆ మందు చేపలకి ప్రాణాంతకమని మా కంపెనీలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు వెళ్తే ఎనిమిది బంగారు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఆవిడ మనవరాలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఇల్లు మాత్రం వారం రోజులు ఘుమఘుమలాడింది.

ప్రశ్న: ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మెషిన్ 1,200 పెట్టి కొన్నాం. మనకి వినపడని శబ్దంతో ఎలుకలు, దోమలు, బొద్దింకలు అన్నీ పారిపోతాయన్నారు. నీలం లైటైతే వెలుగుతోంది. పని చేస్తుందా? — ఒక ఐటీ ఉద్యోగి, షోలింగనల్లూరు

జవాబు: నీలం లైటు పని చేస్తోంది కదా, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు పనికొస్తుంది. 2001లోనే అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ ఇలాంటివి తయారుచేసి అమ్మే 60కి పైగా సంస్థలకి రుజువు లేకుండా గొప్పలు చెప్పొద్దని హెచ్చరిక పంపింది. దోమల సంగతి 2007లో పది క్షేత్ర పరీక్షల్ని కలిపి చూశారు, దోమలు మనిషి మీద వాలడం ఏమీ తగ్గలేదు. రిటర్న్ గడువు దాటకపోతే పంపించేయ్ బాబూ.

ప్రశ్న: అటక మీద ఎలుకలు రాత్రంతా పరుగులు. 2024 నవంబరులో మన శివార్లలో ఎలుకల మందు గాలికి పసిపిల్లలు పోయిన వార్త విన్నప్పటినుంచి మా ఆవిడ మందు మాటెత్తనివ్వడం లేదు. బోను పెట్టి నాలుగు రోజులైంది, ఒక్కటీ పడలేదు. — ఒక వ్యాపారి, పాత వాషర్‌మెన్‌పేట

జవాబు: మీ ఆవిడ మాట వినండి. ఫాస్ఫైడ్ రకం ఎలుకల మందులకి తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మనుషుల్లేని గోడౌన్లని మూసి, గట్టి జాగ్రత్తలతో వాడే సరుకది. ఏసీ వేసుకుని తలుపులు బిగించుకునే పడకగదిలో దానికి పనేమిటి? ఎవరొచ్చినా సరే, ముందు డబ్బా చూపించమనండి. పేరు చెప్పకుండా "ఏం కాదు సార్" అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి. ట్యూబులో వచ్చే పేస్ట్ ఇంకో పీడ. అందులో ఉండేది పసుపు భాస్వరం. పొరపాటున కడుపులోకి పోతే లివర్‌ని తినేస్తుంది, విరుగుడు లేదు. తమిళనాడులో నిషేధించారు. కొట్టువాడు బల్ల కిందనుంచి తీసి ఇచ్చినా వద్దనండి.

మందు తప్పదనుకుంటే రక్తం గడ్డకట్టకుండా చేసే బిళ్ళలు కొంత నయం. దీని వెనక కథ బాగుంటుంది. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం ఆ గడ్డిలోంచి కారణం పట్టుకుంది. దాన్నుంచి వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికొచ్చింది. ఇంకొన్నేళ్ళకి మనుషుల మందూ అయింది. గుండెలో వాల్వ్ మార్పించుకున్నవాళ్ళలో కొందరు రోజూ మింగేది అదే. ఎలుక తిన్న వెంటనే చావదు కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. పొరపాటు జరిగితే ఆసుపత్రిలో విటమిన్ కె విరుగుడు ఉంది. నాకు నచ్చేది ఆ రెండో సంగతి. అయినా పిల్లలూ కుక్కలూ తెరవలేని పెట్టెలో పెడితేనే సుమా.

ఇక మీ బోను. ఎలుకకి కొత్త వస్తువంటే భయం. మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, లోపల మేత మాత్రం పెట్టండి. అదేదో అన్నదాన సత్రం అనుకుని రావడం మరుగుతుంది. నాలుగో రాత్రి కట్టు విప్పండి. మేత సంగతి చెన్నైలో ఇంకొకరు చెప్పాలా, మసాలా వడే. మా వీధి టీకొట్టాయన నేను ఒక్క వడ అడిగితే "తినడానికా, ఎలుకకా?" అంటాడు. ఎలుకకంటే నిన్నటిది ఇస్తాడు. నిన్నటిదైనా ఫర్వాలేదు, నూనె వాసన ఉంటే చాలు.

జిగురు అట్ట మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఒకసారి మా ఇంట్లోనే పెట్టి, తెల్లవార్లూ దాని అరుపు విన్నాను. పట్టుకోవడం అయ్యాక పెన్సిల్ దూరేంత సందు ఎక్కడున్నా స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయండి. చుంచెలుకకి ఆ సందు చాలు.

ప్రశ్న: బల్లుల్ని తరమడానికి కోడిగుడ్డు పెంకులు వేలాడదీయమంటున్నారు. నిజమేనా? — ఓ కోడలు, అంబత్తూరు

జవాబు: పెంకుల పక్కనే బల్లి నిద్రపోతుంటే చూశాను. జీతం లేకుండా దోమల్ని, పురుగుల్ని తినిపెట్టే మనిషిని ఎందుకమ్మా తరమడం? కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని తాకడానికి లైన్లో నిలబడతాం, ఇంటి బల్లి మీద చీపురు ఎత్తుతాం.

ప్రశ్న: మాకు లారీ నీళ్ళు. డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోక తప్పదు. డెంగ్యూ భయం. రాత్రి కాయిల్ వెలిగిస్తే పాపకి దగ్గు. — తండయార్‌పేట పాఠకురాలు

జవాబు: కాయిల్ ఆపేయండి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్నని పొగ నలుసు వస్తుందని 2003లో లెక్క తేల్చారు. పాపకి దోమతెర కట్టండి. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది కాబట్టి పగటి నిద్రకీ తెర ఉండాలి.

డ్రమ్ము ఖాళీ చేస్తే చాలనుకోవద్దు. ఆ దోమ గుడ్లు నీళ్ళలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన గోడకి అంటించి పెడుతుంది. ఎండినా నెలల తరబడి బతుకుతాయి. మళ్ళీ లారీ వచ్చి నీళ్ళు తగలగానే లేస్తాయి. వారానికోసారి పీచుతో లోపలి గోడ గరగరా తోమండి. మూత లేని డ్రమ్ముకి పాత చీర కట్టండి. కదిలించలేని సంపు, వాడని బావి ఉంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు గురించి కార్పొరేషన్ దోమల సిబ్బందిని అడగండి. 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో ఓ నీటిమడుగులో దొరికిందది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ మన దేశానికి ఒక రకాన్ని తయారుచేసింది. దాని విషం దోమపిల్ల క్షార గుణం ఉన్న కడుపులోనే కరిగి పని చేస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, చేపకీ హాని లేదు. నాకు 1989లో ఇలాంటిది తెలిసి ఉంటే!

ప్రశ్న: నెల్లూరు నుంచి మా తమ్ముడు మొలగొలుకుల బియ్యం బస్తా పంపిస్తాడు. రెండు నెలలకే ముక్కుపురుగు. వేపాకు వేశాను, ఎండుమిరపకాయలు వేశాను, డాబా మీద ఎండబోశాను. కొట్టువాడు మాత్రలు వేయమంటున్నాడు. — ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తాంబరం

జవాబు: టీచరుగారూ, మాత్రలు వద్దు. అవి గోడౌన్ మాత్రలైతే పైన ఎలుకల జవాబులో చెప్పిన విషవాయువే మీ బియ్యం డబ్బాలో తయారవుతుంది. ఎండబోస్తే తిరిగే పురుగు పారిపోతుంది, నిజమే. కానీ ముక్కుపురుగు గింజకి చిల్లు పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన మూత వేసి వెళ్తుంది. బియ్యం కూడా ఎండకి విరుగుతాయి, నూక మిగులుతుంది.

మీకు కావలసింది కోయంబత్తూరులో ఉంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎస్. మోహన్ చేసిన పురుగుల గొట్టం. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక గొట్టం, దాని ఒంటి నిండా 2 మిల్లీమీటర్ల చిల్లులు, అడుగున విప్పి తీసే గరాటు లాంటి కప్పు. బియ్యం మధ్యలో నిలువుగా గుచ్చి, పై మూత బియ్యంతో సమానంగా ఉండేలా వదిలేయాలి. పురుగుకి గాలి తగిలే చోటికి పోవడం అలవాటు. గొట్టంలో గాలి ఉంది కదా అని చిల్లులోంచి దూరుతుంది, నున్నటి గోడ మీద కాలు జారి అడుగుకి పడుతుంది, మళ్ళీ ఎక్కలేదు. చిల్లులోంచి బియ్యపు గింజ పట్టదు, పురుగు పడుతుంది. మందు లేదు, కరెంటు లేదు. పురుగు గుణం తెలిసిన మనిషి చేశాడని పట్టుకోగానే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు ఎన్నో యంత్రాలు మోసిన నాకు దీన్ని చూస్తే కొంచెం కుళ్ళు కూడా వేసింది.

బియ్యం తెచ్చిన రోజే గుచ్చండి, పురుగు కనపడ్డాక కాదు. ఆడపురుగు గుడ్లు పెట్టేలోపు పట్టుకోవడంలోనే దీని పనితనమంతా ఉంది. పాతిక కిలోల డబ్బాకి రెండు మూడు గొట్టాలు పడతాయి. కందులు, పెసల్లాంటి వాటిలో పురుగు లోతుకి పోకుండా పైపైనే తిరుగుతుంది, అందుకు ఇంకో రకం ఉంది, అది వేరే. కిలో రెండు కిలోల పప్పైతే గొట్టమూ వద్దు, వారం రోజులు డీప్ ఫ్రీజర్లో పెట్టి తీయండి.

మా ఇంట్లో మొదటిసారి గుచ్చినప్పుడు మా ఆవిడ డబ్బాలోకి వంగి వాసన చూసింది. "ఏమీ రావట్లేదే?" అంది. ముప్పై ఏళ్ళు ఆ మాట విన్న చెవులు కదా, నేనేం మాట్లాడలేదు. ఆదివారం కప్పు విప్పి పాత పేపరు మీద బోర్లించాను. కళ్ళజోడు పెట్టుకుని ఇద్దరం లెక్కపెట్టాం, 43. మీకు మొదటి వారం ఎన్ని పడ్డాయో రాయండి టీచరుగారూ, మాకంటే ఎక్కువైతే ఇక్కడే వేస్తాను.