పాప చూసింది వాళ్ల నాన్న ముఖంలోకి

"సెలవు రోజుల్లో ఇంటిల్లిపాదీ క్యారమ్స్ ఆడతాం. మా బావగారు తొండి చేస్తారు. మొన్న రెడ్ కాయిన్ వేసి, ఫాలో, అంటే దాని వెనకాలే పడాల్సిన సొంత కాయిన్, పడకపోయినా రెడ్‌ను తన దగ్గరే ఉంచేసుకున్నారు. పదేళ్ల మా పాప అడిగితే మావారు 'పెదనాన్నతో వాదనేంటి' అని కసిరారు. అది ఇక ఆడనంటోంది. ఈ ఆటలు మానిపించేయమంటారా?" అని ఒకామె రాశారు.

మానిపించొద్దమ్మా. ఆ ప్రశ్నకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

బావగారి సంగతీ పక్కన పెట్టండి. మీ ఉత్తరం చివర్లో ఒక మాట ఉంది: "పాప వాళ్ల నాన్న వైపు చూసింది, ఆయన తల దించుకుని కాయిన్లు సర్దారు." నా మనసు అక్కడే ఆగిపోయింది. రెడ్ పడటం ఆయన చూశారు, వెనకాలే కాయిన్ పడకపోవడమూ చూశారు. "అవును, నేనూ చూశాను" అని తండ్రి ఒక్క మాట అంటాడేమోనని ఆ పిల్ల ఎదురుచూసింది. అదీ దొరకలేదు.

అన్నగారంటే గౌరవం ఉండాల్సిందే. ఆయన ముందు గొంతు పెంచమని నేనెప్పుడూ చెప్పను. కానీ అన్న పరువు కోసం కూతుర్ని అబద్ధాలకోరును చేస్తే దాన్ని గౌరవమని నేను ఒప్పుకోను. "అన్నయ్యా, ఫాలో పడలేదు, రెడ్ మధ్యలో పెట్టెయ్" అని నవ్వుతూ అనడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ మాట మీవారికి పాప లేనప్పుడు చెప్పండి. బావగారి మీద ఫిర్యాదుతో మొదలుపెడితే ఆయన వెంటనే అన్న పక్షాన నిలబడతారు. "ఆ రోజు అది మీ ముఖంలోకి చూసింది" అని మొదలుపెట్టండి. "నువ్వు చెప్పింది నిజమే, నేనే మాట్లాడాల్సింది" అని పాపతో ఆయనే అనాలి. ఆయన తరఫున మీరు చెప్తే లాభం లేదు. అలాగే చాటుగా పాపను ఓదారుస్తూ "మీ పెదనాన్న అంతేలే" అంటున్నానని రాశారు. అది ఇవాళే ఆపండి.

లెక్కలు మాత్రం ఆటకు ముందే పైకి అనుకోండి. రెడ్‌కు 3 పాయింట్లని పోటీల నియమం, ఇళ్లలో 5 వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ఫర్వాలేదు, మధ్యలో మార్చకపోతే చాలు. స్ట్రైకర్ పడితే ఫైన్ పెద్దవాళ్లకూ ఉంటుందని మీవారి నోటితోనే చెప్పించండి.

ఈసారి పాపను మీరు బతిమాలి కూర్చోబెట్టకండి. వాళ్ల నాన్నే వెళ్లి "నా పార్ట్‌నర్‌గా ఎదురుగా కూర్చుంటావా" అని అడగాలి. కాదంటే కోప్పడకుండా, మరో రోజు మళ్లీ ఆయనే అడగాలి.